సభ్యుడి ఓటు, సభ పరువు

పార్లమెంటు సభ్యుడు డబ్బు పుచ్చుకుని సభలో ప్రశ్నలు వేశాడన్న ఫిర్యాదు భారతదేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికల కన్నా పాతది. 1951లో తాత్కాలిక పార్లమెంటు నడుస్తుండగా హెచ్.జి. ముద్గల్ అనే సభ్యుడు బొంబాయి బులియన్ వర్తకుల సంఘం నుంచి ప్రతిఫలం తీసుకుని, వారి పనులు సభలో చేసిపెట్టారని ఆరోపణ వచ్చింది. విచారణ సంఘం వేయాలని తీర్మానం పెట్టింది స్వయంగా ప్రధాని నెహ్రూ. టి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఆ సంఘం విచారించి తప్పు జరిగిందని తేల్చింది. బహిష్కరణ మీద ఓటింగు జరిగేలోపే ముద్గల్ రాజీనామా ఇచ్చారు. సభ అంతటితో వదలలేదు. ఆయన బహిష్కరణకు తగినవారేనని తీర్మానంలో రాసి మరీ ఆమోదించింది.

ఆరేళ్ల తర్వాత, 1957 డిసెంబరులో, ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి జీవిత బీమా సంస్థ గురించి ప్రశ్నలు వేశారు. పాలసీదారుల సొమ్ములో సుమారు కోటీ పాతిక లక్షలు హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో ఎందుకు పెట్టారన్నది ఆయన అడిగింది. ఆయన ప్రతిపక్ష సభ్యుడు కాదు. అధికార కాంగ్రెస్ సభ్యుడు, పైగా ప్రధాని అల్లుడు. న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ పడింది, బహిరంగ విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి రాజీనామా చేశారు. ఆ ఆర్థికమంత్రి మరెవరో కాదు, ముద్గల్‌ను విచారించిన కృష్ణమాచారే.

ఈ రెండు ఘటనల్లో సభ చేసిన పనులు వేరు. మొదటిసారి తనలోని ఒక సామాన్య సభ్యుణ్ణి శిక్షించింది. రెండోసారి ఒక సామాన్య సభ్యుడు తన పార్టీ మంత్రినే సభ ముందు నిలదీసి దించగలిగాడు. మొదటి శక్తి పార్లమెంటుకు ఇప్పటికీ ఉంది. రెండోది దాదాపు పోయింది. రాజకీయ నాయకుల మీద జనానికి నమ్మకం తగ్గిందన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ మొదటి దాని చుట్టూ, అంటే చెడ్డ సభ్యుణ్ణి ఎలా పట్టుకోవాలన్న దాని చుట్టూ తిరుగుతుంది. అసలు జబ్బు రెండో చోట ఉంది.

మొదటి పని సభ ఎంత చురుగ్గా చేస్తుందో 2005 డిసెంబరులో కనబడింది. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుంటూ పదకొండు మంది సభ్యులు రహస్య కెమెరాకు చిక్కారు. వారిలో పదిమంది లోక్‌సభ వారు, ఒకరు రాజ్యసభ. పవన్‌కుమార్ బన్సల్ సంఘం లోక్‌సభ సభ్యులను విచారించింది, డిసెంబరు 23న ఉభయసభలూ పదకొండు మందినీ బహిష్కరించాయి. దృశ్యాలు టీవీలో వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. సభలకు ఆ అధికారం ఉందని 2007లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. చిక్కినవాళ్లంతా వెనక బెంచీల వాళ్లు. చేతులు మారినవి చాలావరకు వేల రూపాయలే.

పెద్ద మొత్తాల విషయంలో కథ వేరుగా నడిచింది. 1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం 251కి 265 ఓట్లతో వీగిపోయింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు కొందరు లంచం తీసుకుని ప్రభుత్వానికి ఓటు వేశారని ఆ తర్వాత కేసు నడిచింది. పి.వి. అప్పుడు నంద్యాల ప్రతినిధి. కింది కోర్టు ఆయనను 2000లో దోషిగా తేల్చినా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా వదిలింది. ఇక్కడ ముఖ్యమైనది ఆ కేసు నుంచి పుట్టిన 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు. సభలో వేసిన ఓటు మీద కోర్టులు విచారణ జరపరాదన్న రాజ్యాంగ 105వ అధికరణం చూపించి, లంచం పుచ్చుకుని ఓటు వేసిన సభ్యులకు రక్షణ ఉందనీ, ఇచ్చినవారికి లేదనీ ముగ్గురు న్యాయమూర్తులు అన్నారు, ఇద్దరు విభేదించారు. లంచం తీసుకుని ఓటు వేయకుండా ఊరుకున్న సభ్యుడికి మాత్రం రక్షణ దొరకలేదు. మాట మీద నిలబడితే రక్షణ, తప్పితే జైలు అన్నట్టు తయారైంది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఈ తీర్పును కొట్టేసింది. మధ్యలో గడిచిన ఇరవై ఆరేళ్లలో పార్లమెంటు తానే పూనుకుని ఈ లొసుగు పూడ్చగలిగేది. ఏ ప్రభుత్వమూ ఆ పని చేయలేదు.

ఎన్నికల శుభ్రత విషయంలోనూ ఇదే వరస. అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసులు అఫిడవిట్‌లో చెప్పాలన్నది 2002 నాటి సుప్రీంకోర్టు ఆదేశం. పార్టీలన్నీ ఏకమై దాన్ని నీరుగార్చే చట్ట సవరణ తెచ్చాయి. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణను కొట్టేయాల్సి వచ్చింది. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడిన సభ్యుడి సభ్యత్వం వెంటనే పోవాలన్న 2013 తీర్పును తిప్పికొట్టడానికి ఆర్డినెన్స్ సిద్ధమై, జనం నుంచీ సొంత పార్టీ లోపలి నుంచీ వ్యతిరేకత రావడంతో వెనక్కి పోయింది. ఎన్నికల బాండ్లు 2024 ఫిబ్రవరి 15న చెల్లకుండా పోయింది కూడా కోర్టు చేతుల్లోనే.

అఫిడవిట్ల పుణ్యమా అని ఓటరుకు కొన్ని లెక్కలు తెలుస్తున్నాయి. 2024లో ఎన్నికైన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది మీద క్రిమినల్ కేసులున్నాయని వారి అఫిడవిట్లే చెబుతున్నాయి. కేసు ఉండటం వేరు, నేరం రుజువవడం వేరు. ధర్నాలు, రాస్తారోకోలు చేసిన నాయకుడి మీద కేసులు లేకపోతేనే వింత. అయినా ఆ సంఖ్యలో హత్యాయత్నం వంటి తీవ్రమైన కేసులూ ఉన్నాయి. డబ్బు సంగతి చూస్తే, ఆ లోక్‌సభకు ఎన్నికైనవారిలో అత్యధిక ఆస్తులు చూపిన మొదటి ఇద్దరూ తెలుగువారే: గుంటూరు సభ్యుడి కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైచిలుకు, చేవెళ్ల సభ్యుడిది 4,500 కోట్ల పైచిలుకు. సంపాదన నేరం కాదు, దాచకుండా చెప్పడం మెచ్చదగినదే. ప్రశ్న మరొకటి. లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 95 లక్షల పరిమితి ఉంది. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. అభ్యర్థి కోసం పార్టీ, మిత్రులు పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే రావాలని సుప్రీంకోర్టు అంటే, 1974లో చట్టం సవరించి ఆ తీర్పును తప్పించారు. పోలింగుకు ముందు రాత్రి కవర్లు పంచడం చూసిన ఏ ఊరివాళ్లకైనా 95 లక్షల లెక్క నవ్వు తెప్పిస్తుంది. అంత ఖర్చు భరించగలవారికే టికెట్, ఆ టికెట్ ఇచ్చేది పార్టీ అధినేత. గెలిచిన సభ్యుడు ఎవరికి జవాబుదారీ అన్నది అక్కడే సగం తేలిపోతుంది.

మిగతా సగం తేల్చింది 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ రోజుల వ్యవధిలో పార్టీలు మార్చి ‘ఆయారామ్ గయారామ్’ అన్న నానుడికి కారణమయ్యారు. ఆ తరహా బేరాలను ఆపడానికి చట్టం అవసరమైంది. పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసినా, గైర్హాజరైనా సభ్యత్వం పోతుందని అందులో రాశారు. అవిశ్వాసం, బడ్జెట్ వంటి ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటింగుకే దీన్ని పరిమితం చేసి ఉంటే పెద్ద నష్టం ఉండేది కాదు. దినేశ్ గోస్వామి సంఘం 1990లోనే ఇంచుమించు ఆ మాట చెప్పింది. పట్టించుకున్నవారు లేరు. ఇప్పుడు మామూలు బిల్లు మీదైనా, ప్రతిపక్షం తెచ్చిన చిన్న సవరణ మీదైనా పార్టీ విప్ జారీచేస్తే సభ్యుడు దాటలేడు. 1957 నాటి ఫిరోజ్ గాంధీలా ప్రశ్న వేయడానికి ఈ చట్టం అడ్డు రాదు కానీ, వేసిన ప్రశ్నకు తగ్గట్టు ఓటు వేయడానికి అడ్డు వస్తుంది. ఓటు వెంట లేని ప్రశ్నకు మంత్రి ఎంత విలువ ఇస్తాడో ఊహించుకోవచ్చు.

పోనీ చట్టం ఫిరాయింపులనైనా ఆపిందా అంటే, ఒంటరి సభ్యుణ్ణి ఆపింది, మందను ఆపలేదు. మూడోవంతు సభ్యులు చీలవచ్చన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది కానీ, మూడింట రెండు వంతుల మంది ‘విలీనం’ కావచ్చన్న దారి మిగిలింది. తెలుగు రాష్ట్రాలకు దీని రుచి బాగా తెలుసు. 2014లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు మంత్రులయ్యారు, సభ గడువు ముగిసేదాకా ఎవరి మీదా అనర్హత వేటు పడలేదు. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. అదే నెలలో ఆరుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యుల్లో నలుగురు బీజేపీలో కలిశారు. 2023 ఎన్నికల తర్వాత బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లిన పదిమంది సంగతి సుప్రీంకోర్టు దాకా నడిచింది. మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న తెలంగాణ స్పీకర్‌ను ఆదేశిస్తూ, ఈ అధికారం స్పీకర్ల చేతుల్లో ఉంచడం మేలేనా అని పార్లమెంటు ఆలోచించుకోవాలని కోర్టు సూచించింది. దీనికోసం స్వతంత్ర ట్రిబ్యునల్ ఉండాలన్న ఆలోచన 2020లో మణిపూర్ కేసులోనే వచ్చింది. పార్టీ పేరు మారుతుంది, దెబ్బ తిన్నవారు న్యాయం గురించి మాట్లాడతారు, లాభపడ్డవారు అభివృద్ధి గురించి మాట్లాడతారు. ఓటరు మాత్రం తాను వేసిన ఓటు ఎటు పోయిందో టీవీలో చూసి తెలుసుకుంటాడు.

సభ్యుడి ఓటు పోయాక సభకు మిగిలేది తంతు. మొదటి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంది. పదిహేడో లోక్‌సభ 274 రోజులు. సభను ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు ముగించాలో నిర్ణయించేది ప్రభుత్వమే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించరాదన్నది తప్ప రాజ్యాంగంలో మరో కట్టుబాటు లేదు. లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు, రాజ్యసభ 100 రోజులు కూర్చోవాలని జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లో సిఫారసు చేసింది. తెలుగు రాష్ట్రాల శాసనసభలు కూర్చునే రోజులు అంతకన్నా చాలా తక్కువ.

రోజుల కన్నా ముఖ్యమైనవి స్థాయీ సంఘాలు. శాఖలవారీగా ఇవి 1993లో ఏర్పడ్డాయి. తలుపులు మూసిన గదిలో, కెమెరా లేని చోట, అధికార ప్రతిపక్ష సభ్యులు బిల్లును క్లాజు క్లాజుగా చదువుతారు, అధికారులను పిలిచి అడుగుతారు, బయటి నిపుణుల మాట వింటారు. అక్కడ విప్ పనిచేయదు. పార్లమెంటులో సభ్యులు సభ్యులుగా ప్రవర్తించే చోటు ఇంకా ఏదైనా ఉంటే అదే. 2009లో ఎన్నికైన పదిహేనో లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాలకు వెళ్లాయి. 2019 నాటి పదిహేడో లోక్‌సభలో అది 16కు పడిపోయింది. సాగు చట్టాల బిల్లులు సంఘానికి వెళ్లలేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో డివిజన్, అంటే లెక్కించి రికార్డు చేసే ఓటింగు, కావాలని ప్రతిపక్షం అడిగినా గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో గట్టెక్కించారు. ఏడాదికి పైగా ఢిల్లీ పొలిమేరల్లో రైతులు కూర్చున్నాక, 2021 నవంబరు 29న రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే పాసైంది. సంఘం గదిలో రెండు నెలలు కూర్చుని ఉంటే రోడ్డు మీద ఏడాది కూర్చోవలసిన అవసరం వచ్చేది కాదేమో.

ఈ జబ్బు ఒక పార్టీది కాదని తెలుగువారికి 2014 ఫిబ్రవరి గుర్తుచేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును రాష్ట్ర శాసనసభ తిరస్కరించి పంపింది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఒక సభ్యుడు మిరియాల స్ప్రే చల్లారు, పలువురు సీమాంధ్ర సభ్యులు సస్పెండయ్యారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన స్థితిలో బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. దశాబ్దాలుగా తెలంగాణ కోరినవారికి అది న్యాయమైన ఫలితం, వద్దన్నవారికి అన్యాయం. ఆ వాదన ఇక్కడ అప్రస్తుతం. అన్ని కోట్ల మంది బతుకుకు సంబంధించిన చట్టం మీద ఏ సభ్యుడు ఎటు ఓటు వేశాడో పేరుపేరునా రికార్డు లేకపోవడం ఇరువైపుల వారికీ జరిగిన నష్టమే. రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. ఆ మాట చట్టంలో లేదు. ప్రభుత్వం మారింది, మాట అమలు కాలేదు. 2018 జులై 20న తెలుగుదేశం తెచ్చిన అవిశ్వాస తీర్మానం 126కి 325 ఓట్లతో వీగిపోయింది. సభలో ఇచ్చిన మాట నెరవేరిందో లేదో చూడటానికి 1953 నుంచీ హామీల సంఘం ఉంది. దాని నివేదికల మీద సభలో చర్చ జరిగితే, సభలో అన్న మాటకూ బహిరంగ సభలో అన్న మాటకూ ఓటరు తేడా చూడగలుగుతాడు.

ఇలా సభలో చేయడానికి పనిలేని సభ్యుడికి 1993 డిసెంబరులో వేరే పని దొరికింది. నియోజకవర్గ అభివృద్ధి నిధులు మొదట లక్షల్లో ఉండి ఇప్పుడు ఏడాదికి 5 కోట్లకు చేరాయి. కమ్యూనిటీ హాలు, బోరు బావి, బస్ షెల్టరు మీద పేరు రాయించుకోవచ్చు. ఈ పథకాన్ని ఎత్తేయాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో చెప్పింది. కోర్టు 2010లో చెల్లుతుందంది. చట్టరీత్యా చెల్లుతుంది, నిజమే. కానీ బడ్జెట్‌ను తనిఖీ చేయాల్సినవాడే బడ్జెట్ ఖర్చు చేసేవాడైతే, జనం అతణ్ణి మరో సర్పంచిగా చూడటం నేర్చుకుంటారు. సామాన్య సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు చట్టమైన సందర్భాలు ఇప్పటిదాకా పద్నాలుగే, చివరిది 1970లో. ఆ సంగతి ఏ నియోజకవర్గంలోనూ ఎన్నికల అంశం కాలేదు.

బ్రిటన్ ఇలాంటి చిక్కులోనే పడి కొంత దారి వెతుక్కుంది. 2009 మే నెలలో అక్కడి సభ్యులు ఇంటి ఖర్చుల పేరుతో ఖజానాకు పెట్టిన బిల్లులు పత్రికకెక్కాయి. ఇంటి చుట్టూ కందకం శుభ్రం చేయించిన ఖర్చు, బాతుల గూటి ఖర్చు కూడా వాటిలో ఉన్నాయి. స్పీకర్ మైకేల్ మార్టిన్ దిగిపోవాల్సి వచ్చింది. 1695 తర్వాత అలా ఒత్తిడికి దిగిన స్పీకర్ మరొకరు లేరు. కొందరు సభ్యులు జైలుకు వెళ్లారు. జీతాలు, ఖర్చుల నిర్ణయం సభ్యుల చేతుల్లోంచి తీసి స్వతంత్ర సంస్థకు ఇచ్చారు. భారత పార్లమెంటు కూడా 2018లో తన జీతాలను ద్రవ్యోల్బణ సూచీకి ముడిపెట్టింది, అది మంచి అడుగే. తప్పు చేసిన సభ్యుణ్ణి వెనక్కి పిలిచే చట్టం బ్రిటన్‌లో 2015లో వచ్చింది. జైలు శిక్ష పడినా, సభ పదిరోజులకు తగ్గకుండా సస్పెండ్ చేసినా, నియోజకవర్గంలో పదోవంతు ఓటర్లు ఆరు వారాల్లో సంతకం పెడితే ఉపఎన్నిక వస్తుంది. 2018లో నార్త్ ఆంట్రిమ్‌లో కొద్దిలో తప్పిపోయింది, 2019లో పీటర్‌బరోలో నెగ్గింది.

పేపర్లు వీటి గురించే ఎక్కువ రాశాయి. అసలు పని చేసినవి టోనీ రైట్ సంఘం సూచించిన, చూడటానికి చప్పగా ఉండే మార్పులు. సంఘాల అధ్యక్షులను పార్టీ విప్‌లు నియమించే బదులు సభ మొత్తం రహస్య ఓటుతో ఎన్నుకోవడం 2010లో మొదలైంది. వెనక బెంచీల సభ్యులే ఎజెండా నిర్ణయించే రోజులు కొన్ని కేటాయించారు. దాని ఫలితం మెల్లగా బయటపడింది. 2023లో మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ సభను తప్పుదోవ పట్టించారని తేల్చిన సంఘంలో ఏడుగురు సభ్యులుంటే నలుగురు ఆయన పార్టీ వారే. బ్రిటిష్ జనానికి నాయకుల మీద నమ్మకం తిరిగొచ్చేసిందని దీనర్థం కాదు. అధికార పార్టీ సభ్యుడు తన నాయకుడి గురించి నిజం చెప్పి సభ్యుడిగానే మిగలగలడని మాత్రం రుజువైంది.

భారతదేశంలో దీనంతటికీ ముడి స్పీకర్ కుర్చీ దగ్గర ఉంది. బిల్లు సంఘానికి పంపాలా, డివిజన్ ఇవ్వాలా, ఎవరిని సస్పెండ్ చేయాలి, ఎవరి మీద అనర్హత వేటు వేయాలన్నవన్నీ అక్కడే తేలతాయి. ఆ కుర్చీలో తెలుగు నేల నుంచి వెళ్లినవారి చరిత్ర చెప్పుకోదగినది. తిరుపతి నుంచి ఎన్నికైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అంచనాల సంఘానికి తొలి అధ్యక్షుడు, మవలంకర్ మరణం తర్వాత 1956లో స్పీకర్. నీలం సంజీవరెడ్డి 1967లో స్పీకర్‌గా ఎన్నికవగానే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. (రెండేళ్లకే అదే పార్టీ రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడటానికి కుర్చీ దిగారనుకోండి.) 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో పడిపోయినప్పుడు స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న ప్రశ్నను ఆయన సభ్యుడి అంతరాత్మకే వదిలేశారు. ఆ నిర్ణయం బాలయోగి సొంత పార్టీ తెలుగుదేశం బలపరుస్తున్న ప్రభుత్వానికే చేటు చేసింది. ఆ తర్వాతి కాలంలో ప్రమాణాలు ఎక్కడికి దిగాయంటే, డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోవాలని 93వ అధికరణం చెబుతున్నా పదిహేడో లోక్‌సభ అయిదేళ్లూ ఆ పదవి ఖాళీగానే గడిపేసింది. 2023 శీతాకాల సమావేశాల్లో ఉభయసభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండయ్యారు.

చేయవలసిన మార్పుల్లో చాలావాటికి చట్టం కూడా అక్కర్లేదు. 118వ అధికరణం కింద ప్రతి సభా తన నియమాలు తానే రాసుకుంటుంది. ప్రతి బిల్లూ సంఘానికి వెళ్లాలనీ, ఒక్క సభ్యుడు అడిగినా డివిజన్ జరగాలనీ, సంఘాల అధ్యక్షులను రహస్య ఓటుతో ఎన్నుకోవాలనీ, వారానికి ఒక రోజు ఎజెండా ప్రతిపక్షానిదనీ, రాజ్యసభలో ఉన్నట్టే సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు లోక్‌సభలోనూ ఉండాలనీ నియమాల పుస్తకంలో రాస్తే చాలు. పార్టీల ఖర్చుకు పరిమితి పెట్టాలంటే మామూలు చట్ట సవరణ కావాలి. విప్‌ను విశ్వాస, ద్రవ్య తీర్మానాలకే పరిమితం చేయాలన్నా, అనర్హత అధికారాన్ని ట్రిబ్యునల్‌కు ఇవ్వాలన్నా పదో షెడ్యూలు మార్చాలి. దానికి ఉభయసభల్లో హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఓట్లు అవసరం. ఆ ఓటింగుకు కూడా పార్టీలు విప్ జారీచేయవచ్చు.